పట్టు, రక్తం, బురద బ్యాక్టీరియా: ప్రోటీన్లలో కరెంటు నడుస్తుందా?

బరంపురం తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈమధ్య ఒక వీడియో తెగ తిరుగుతోంది. ప్రోటీన్ తీగలు గాలిలోని తేమ నుంచి కరెంటు తీస్తాయట, పట్టు కూడా ప్రోటీనే కాబట్టి రేపోమాపో పట్టుచీరకు ఫోను తగిలించి ఛార్జింగ్ పెట్టుకోవచ్చట. మగ్గం మీదే బతుకంతా గడిపిన మా మావయ్య దాన్ని నాకు పంపి, వెంటనే ఫోన్ చేశాడు: "ఏటిరా, మన పట్టులోంచి కరెంటొస్తాదంట?"

వీడియోలో చెప్పిన ప్రయోగాలు నిజంగానే జరిగాయి. అయితే అందులో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి: ప్రోటీన్ గుండా ఎలక్ట్రాన్లు నడవడం, ప్రోటీన్ గుండా ప్రోటాన్లు నడవడం, తేమ నుంచి కరెంటు పుట్టడం. మొదటి రెండూ వాహకతకు, అంటే కరెంటు ఎంత తేలిగ్గా నడుస్తుందన్న దానికి, సంబంధించినవి. మూడోది శక్తికి సంబంధించినది. వీటిని విడదీయకపోతే శాస్త్రవేత్తల మధ్య ఇప్పటికీ నడుస్తున్న తగాదా కూడా అర్థం కాదు.

పట్టు ఎలాంటి ప్రోటీన్

అమైనో ఆమ్లాలు అనే చిన్న అణువులు ఒకదానికొకటి అతుక్కుని గొలుసు కడితే అది పెప్టైడ్. గొలుసు పొడవై, ఒక నిర్దిష్టమైన ఆకారంలో ముడుచుకుంటే దాన్ని ప్రోటీన్ అంటాం. రెంటికీ మధ్య గట్టి గీత ఏమీ లేదు. ఇరవై రకాల అమైనో ఆమ్లాలు ఉన్నాయి. అన్నిటికీ వెన్నెముక ఒకటే, పక్కకు వేలాడే భాగం మాత్రం వేరు. ఆ పక్కభాగం కొన్నిటిలో ఆమ్లం, కొన్నిటిలో క్షారం. మరికొన్నిటిలో అది నూనెలా నీటికి దూరంగా ఉంటుంది. వాహకత కథంతా ఈ పక్కభాగాల్లోనే ఉంది.

పట్టుకాయలో రెండు ప్రోటీన్లుంటాయి. లోపలి దారం ఫైబ్రోయిన్. దాని చుట్టూ ఉండే జిగురు సెరిసిన్. నేతవాళ్లు పట్టును సబ్బు, సోడా వేసిన నీళ్లలో ఉడకబెట్టేది ఆ జిగురు వదిలించడానికే. పట్టుకాయ బరువులో దాదాపు 20 నుంచి 30 శాతం అలా నీళ్లలో కలిసిపోతుంది. మిగిలే ఫైబ్రోయిన్‌లో గ్లైసిన్, అలనిన్, సెరిన్ అనే మూడే 85 శాతం పైగా ఉంటాయి. ఈ మూడింటిలో ఆమ్లం గానీ క్షారం గానీ ఉన్న పక్కభాగం ఒక్కదానికీ లేదు. అందుకే పొడి పట్టు మంచి విద్యుత్ బంధకం, అంటే కరెంటును పోనివ్వదు. పూర్వం సన్నటి రాగి తీగలకు పట్టు దారం చుట్టేవారు కూడా.

ఏది కదిలితే కరెంటు?

ఆవేశం ఉన్నది ఏది కదిలినా కరెంటే. రాగి తీగలో ఎలక్ట్రాన్లు కదులుతాయి. ఉప్పునీళ్లలో సోడియం, క్లోరిన్ అయాన్లు. మన నరాల్లో పని చేసేది కూడా అయాన్లే. ఇక ప్రోటాన్ అంటే ఎలక్ట్రాన్ ఊడిపోయిన హైడ్రోజన్ పరమాణువు. బరువులో అన్ని అయాన్లకన్నా చిన్నది, అయినా ఎలక్ట్రాన్‌తో పోలిస్తే 1,836 రెట్లు బరువు.

బరంపురం పట్టుచీర అంచునే చూడండి. అసలు జరీ అంటే పట్టు దారం మీద చుట్టిన, బంగారు పూత ఉన్న వెండి రేకు. దాని మీద మల్టీమీటర్ ముళ్లు ఆనిస్తే బీప్ అంటుంది. నడిచేవి ఎలక్ట్రాన్లు. పక్కనే ఉన్న పట్టు మీద పెడితే ఏ శబ్దమూ రాదు. మల్టీమీటర్‌కు అందనంత తక్కువ కరెంటు, అదీ తేమ ఉన్న రోజున, పట్టులో నడవగలదు. అందులో ఎక్కువ భాగం ప్రోటాన్లు, ఇతర అయాన్ల పని.

ప్రోటీన్‌లో ఎలక్ట్రాన్లు సిలికాన్‌లో లాగా పరుగెత్తగలవా అన్న ప్రశ్న పాతదే. నోబెల్ అందుకున్న ఆల్బర్ట్ సెంట్ జ్యోర్జీ 1941లోనే ప్రోటీన్లు సెమీకండక్టర్లు కావచ్చని అన్నాడు. 1949లో ఎవాన్స్, గెర్గెలీ లెక్కకట్టి చూస్తే ఎలక్ట్రాన్ దాటాల్సిన శక్తి అంతరం సుమారు 3 ఎలక్ట్రాన్‌వోల్టులు వచ్చింది. సిలికాన్‌కు అది 1.1. గది ఉష్ణోగ్రత ఇచ్చే శక్తి 0.026 మాత్రమే. అంటే పొడిగా ఉన్న మామూలు ప్రోటీన్‌లో ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా తిరగడం జరగని పని.

అలాగని శరీరంలో ఎలక్ట్రాన్లు ప్రోటీన్ల గుండా అసలే పోవని కాదు. మన ఊపిరి అంతా దాని మీదే నడుస్తోంది. ఆ ప్రోటీన్లలో ఇనుము ఉన్న హీమ్‌లు, ఇనుము–గంధకం గుచ్ఛాలు మెట్ల మాదిరి అమరి ఉంటాయి. ఎలక్ట్రాన్ ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు దూకుతుంది. మెట్ల మధ్య దూరం సాధారణంగా 1.4 నానోమీటర్లు దాటదని లెస్లీ డట్టన్ బృందం 1999లో ఎన్నో ప్రోటీన్లను పరిశీలించి చూపింది. అంతకన్నా ఎడమైతే దూకుడు మరీ నెమ్మదిస్తుంది.

ప్రోటాన్ దూకుడు

ప్రోటాన్ దారి వేరు. 1806లో థియోడర్ గ్రోటస్ అనే యువకుడు నీటిలో కరెంటు ఎలా నడుస్తుందో వివరిస్తూ ఒక ఊహ చేశాడు: కణం ఈ చివర నుంచి ఆ చివరికి ఈదుకుంటూ పోనక్కర్లేదు, పక్కపక్క అణువులు ఇచ్చిపుచ్చుకుంటే చాలు. ప్రోటాన్ అనే మాటే అప్పటికి లేదు. నీటి ఫార్ములా కూడా తేలలేదు. అయినా ఊహ మూలం నిలిచింది, పేరు కూడా గ్రోటస్‌దే మిగిలింది.

ఇంటికి స్లాబు వేసే రోజు కాంక్రీటు తట్టలు చేతులు మారుతూ పైకి పోతాయి కదా. వరసలో ఎవరూ ఉన్నచోటు నుంచి కదలరు, తట్టే కదులుతుంది. నీటి అణువుల వరసలో ప్రోటాన్ అలాగే చేతులు మారుతుంది. ఒక తేడా ఉంది. ఇక్కడ ప్రతి అణువు చేతిలోనూ ముందే తట్టలుంటాయి. కొత్తది అందగానే తన దగ్గరున్నది పక్కవాడికి ఇస్తుంది. కాబట్టి ఆ చివర దిగిన ప్రోటాన్ ఈ చివర ఎక్కిన ప్రోటాన్ కాదు. ఇంకో సంగతి: తట్ట ఇచ్చిన మనిషి తర్వాతి తట్ట కోసం మళ్లీ ఇటు తిరగాలి. నీటి అణువు కూడా అలా తిరగాలి. తిరిగేందుకు చోటు, వదులు లేకపోతే వరస అక్కడే ఆగిపోతుంది. గట్టిగా బిగిసిన ప్రోటీన్‌లో జరిగేది ఇదే.

ఈ ఏర్పాటు వల్ల నీళ్లలో ప్రోటాన్ కదలిక సోడియం అయాన్‌కన్నా సుమారు 7 రెట్లు చురుకు. సోడియం తన చుట్టూ ఉన్న నీటి గుంపును మోసుకుంటూ ఈదాలి. ప్రోటాన్‌కు ఆ బరువు లేదు.

తేమ లేనిదే కథ లేదు

1962లో బార్నెట్ రోజెన్‌బర్గ్ ఎండబెట్టిన హీమోగ్లోబిన్‌కు కొంచెం కొంచెంగా తేమ పట్టించి వాహకత కొలిచాడు. నీటి శాతం మామూలుగా పెరుగుతుంటే వాహకత గుణకారంలో పెరిగింది. (ఈయనే కొన్నేళ్లకు, బ్యాక్టీరియా మీద కరెంటు ప్రభావం చూస్తూ చూస్తూ, క్యాన్సర్ మందు సిస్‌ప్లాటిన్ దాకా వెళ్లాడు. ఎక్కడ తీగ లాగితే ఎక్కడ డొంక కదిలిందో!)

1986లో కరేరీ, జియాన్‌శాంతి, రూప్లీ ఇంకాస్త ముందుకెళ్లారు. కన్నీళ్లలో, కోడిగుడ్డు తెల్లసొనలో ఉండే లైసోజైమ్ పొడిని తీసుకున్నారు. 100 గ్రాముల పొడి ప్రోటీన్‌కు సుమారు 15 గ్రాముల నీరు చేరేదాకా ప్రోటాన్ల కదలిక లెక్కలోకి రాదు. ఆ గీత దాటగానే చకచకా పెరుగుతుంది. కారణం ఊహించడం కష్టం కాదు. అంతవరకు నీటి అణువులు ప్రోటీన్ ఒంటి మీద విడివిడి గుంపులుగా ఉంటాయి. ఆ హద్దు దగ్గర గుంపులు ఒకదానికొకటి తగిలి ఈ కొస నుంచి ఆ కొస దాకా తెగని దారి పడుతుంది. 15 గ్రాములంటే ప్రోటీన్‌ను పూర్తిగా కప్పడానికి కూడా చాలని నీరు. తడి అని మనకు అనిపించదు.

పట్టు వ్యాపారానికి ఇలాంటి లెక్క కొత్త కాదు. పొడి పట్టు బరువుకు 11 శాతం తేమ కలిపి వ్యాపారపు తూకం కట్టడం అంతర్జాతీయంగా ఉన్న పద్ధతి. 100 గ్రాముల ఎండు పట్టు లెక్కలో 111 గ్రాములు. అదే పాలియెస్టర్ మామూలుగా పీల్చే తేమ అర శాతం కూడా ఉండదు. వానాకాలంలో, గాలి నిండా నీరున్నప్పుడు, పట్టు ఇంకా చాలా పీలుస్తుంది. గోపాలపురం సముద్రం పక్కనే ఉన్న బరంపురంలో శ్రావణమాసం పట్టూ, చలికాలంలో కొరాపుట్ కొండ మీది పట్టూ విద్యుత్ పరంగా ఒకే వస్తువు కాదు. ఎండుగాలిలో దారం చేతికి అంటుకుని చిరచిరలాడుతుంది, ఎందుకంటే రాపిడికి పుట్టిన ఆవేశం పోయే దారి లేదు. తేమగాలిలో ఆ బాధ తగ్గుతుంది. అక్కడ ఆవేశాన్ని మోసుకుపోయేది ఈ పలచటి నీటి దారే. అయితే లైసోజైమ్ గీతను పట్టుకు యథాతథంగా అంటించకూడదు. ప్రతి ప్రోటీన్‌కు దాని అమరికను బట్టి ఆ హద్దు మారుతుంది.

ఒకే పొర, రెండు లెక్కలు

వాహకతను సెంటీమీటరుకు ఇన్ని సీమెన్స్ అని చెబుతారు. రాగికి అది దాదాపు 6 లక్షలు. సముద్రపు నీటికి 0.05. ఇంధన కణాల్లో (హైడ్రోజన్‌ను, గాలిలోని ఆక్సిజన్‌ను కలిపి కరెంటు పుట్టించే పరికరాలు) వాడే నాఫియాన్ అనే పాలిమర్ పొర తడిగా ఉంటే సుమారు 0.1. తడి ప్రోటీన్ పొరల్లో కొన్ని 0.0001 దరిదాపుల్లో ఉంటాయి, కొన్ని ఇంకా పైకి వెళ్తాయి.

ఈ చివరి అంకెనే తీసుకుందాం. సెంటీమీటరు పొడవు, సెంటీమీటరు వెడల్పు, 0.01 సెంటీమీటరు మందం ఉన్న ప్రోటీన్ పొర. కరెంటును ఒక అంచు నుంచి ఎదుటి అంచుకు పంపితే, నిరోధం కోసం కరెంటు నడిచే పొడవును వాహకతతోనూ అడ్డుకోత వైశాల్యంతోనూ (ఇక్కడ వెడల్పు × మందం) భాగించాలి: 1 ÷ (0.0001 × 0.01) = 10 లక్షల ఓములు. టార్చి సెల్లు 1.5 వోల్టులు పెడితే వచ్చేది 1.5 మైక్రోఆంపియర్లు. ఇప్పుడు అదే పొరను కరెంటు మందం గుండా పోయేలా రెండు రేకుల మధ్య పెట్టండి: 0.01 ÷ (0.0001 × 1) = 100 ఓములు. వస్తువు మారలేదు, దిశ మారింది, నిరోధం పదివేల రెట్లు తగ్గింది.

అందుకే "ప్రోటీన్ పొర బాగా వాహకత చూపింది" అన్న వార్త చదివితే ఎటువైపు, ఎంత మందం అని చూడాలి. తీగగా పనికిరానిది పొరగా పనికిరావచ్చు.

అయినా ఇంధన కణానికి ఈ 100 ఓములు చాలా ఎక్కువే. అక్కడ చదరపు సెంటీమీటరుకు ఒక ఆంపియర్ వరకు నడవాలి. 100 ఓముల్లో ఒక ఆంపియర్ అంటే 100 వోల్టుల నష్టం. కణం మొత్తం ఇచ్చేదే ఒక వోల్టు లోపు! అదే మందంలో నాఫియాన్ నిరోధం 0.1 ఓము, నష్టం 0.1 వోల్టు. ప్రోటీన్ పొరను వంద రెట్లు పలచన చేసినా ఇంకా ఒక వోల్టు నష్టమే, పైగా అంత పలచటి పొర చిరగకుండా హైడ్రోజన్‌ను, గాలిని విడివిడిగా ఆపాలి.

ఆమ్లం చేతిలో ఉన్న కీలకం

నాఫియాన్ బలం దాని సల్ఫోనిక్ ఆమ్ల గుంపుల్లో ఉంది. నీళ్లు తగలగానే అవి ప్రోటాన్లను దాదాపు పూర్తిగా వదిలేస్తాయి. ప్రోటీన్లలో ఉండేవి ఆస్పార్టిక్, గ్లుటామిక్ ఆమ్లాల పక్కభాగాలు. వెనిగర్ లాంటి బలహీన ఆమ్లాలు కాబట్టి ప్రోటాన్లను పొదుపుగా వదులుతాయి. నడిచే దారి ఉంటే సరిపోదు, నడిచేవాళ్లూ ఉండాలి.

కాలిఫోర్నియాలోని అలన్ గొరొడెట్‌స్కీ బృందం 2014లో రిఫ్లెక్టిన్ మీద చేసిన పని ఈ విషయాన్ని బాగా పట్టిస్తుంది. స్క్విడ్ చర్మం రంగులు మార్చుకోవడంలో సాయపడే ప్రోటీన్ అది. దానితో చేసిన పొర ప్రోటాన్లను కృత్రిమ పదార్థాలతో పోటీపడేలా నడిపింది. తర్వాత వాళ్లు అందులోని ఆమ్ల అమైనో ఆమ్లాలను జన్యువు స్థాయిలో తీసేసి వాటి చోట అలనిన్ పెట్టి చూశారు. వాహకత పడిపోయింది. ఆమ్లం తీస్తే కరెంటు తగ్గింది కాబట్టి ఆమ్లమే ఇందులో పాత్రధారి అని చెప్పే హక్కు వాళ్లకు వచ్చింది. ఇలాంటి తీసి చూసే ప్రయోగాలు లేని వ్యాసాలను నేను కాస్త అనుమానంగానే చదువుతాను.

ఇజ్రాయెల్ శాస్త్రవేత్త నాదవ్ అముర్‌స్కీ ఆవు రక్తంలోని ఆల్బుమిన్‌ను ఎంచుకున్నాడు. చవక, టన్నులకొద్దీ దొరుకుతుంది. దాన్ని అతిసన్నని నూలుగా తీసి చాపలా పరిచి, తడిపి కొలిస్తే ప్రోటాన్లు మిల్లీమీటర్ల దూరం నడిచాయని 2016లో చూపారు. ఆ మరుసటి ఏడు ఆ చాపలకే హెమిన్ అనే ఇనుము ఉన్న అణువును కలిపితే, ఈసారి సెంటీమీటరు దూరం దాకా ఎలక్ట్రాన్ల దూకుడు కనిపించింది. ప్రోటీన్ అదే. మెట్లు ఇచ్చారు కాబట్టి ఎలక్ట్రాన్ దూకింది.

ఈ తూకంలో మన పట్టు ఎక్కడుంది? ఫైబ్రోయిన్‌లో ఆమ్ల పక్కభాగాలు చాలా తక్కువ, పైగా దాని గొలుసులు బిగువుగా పేర్చుకుని ఉంటాయి, నీరు దూరడానికి చోటు తక్కువ. ప్రోటాన్ వాహకానికి ఇంతకన్నా ప్రతికూలమైన జాతకం ఉండదు. సెరిసిన్ మాటే వేరు. అందులో నీటిని ఇష్టపడే సెరిన్ మూడో వంతు దాకా, ఆస్పార్టిక్ ఆమ్లం కూడా బాగానే ఉంటాయి. అమరిక చూస్తే మనం ఉడకబెట్టి కాలువలో పారబోసే జిగురే ఈ పనికి దగ్గరిది. ఎలక్ట్రానిక్స్‌లో పట్టు ఫైబ్రోయిన్‌కు పేరొచ్చింది కూడా అది కరెంటు నడపదు కాబట్టే. టఫ్ట్స్ విశ్వవిద్యాలయానికి చెందిన ఒమెనెట్టో, కాప్లాన్, వాళ్లతో జాన్ రోజర్స్ బృందం 2012లో శరీరంలో కరిగిపోయే సర్క్యూట్లను చేసినప్పుడు పట్టు పొర కింద పీటలా పనిచేసింది, కరెంటు నడిపింది మెగ్నీషియం.

ప్రోటానే అని రుజువేంటి?

తడి ప్రోటీన్‌కు రెండు రేకులు తగిలిస్తే మీటర్ ముల్లు కదలడం తేలిక. కదిలినది ఏదో చెప్పడమే కష్టం. ప్రోటీన్‌ను శుద్ధి చేసేది ఉప్పు ద్రావణాల్లో. ఉప్పు సరిగా పోకపోతే కొలిచింది సోడియం నడక అవుతుంది. తేమకు పొర ఉబ్బి మందం మారుతుంది. వోల్టేజి 1.23 దాటితే నీరే విడిపోవడం మొదలవుతుంది.

దీనికి మంచి ఉపాయం పల్లేడియం. ఈ లోహం హైడ్రోజన్‌ను స్పాంజిలా కాదు, ఏకంగా తన స్ఫటికం లోపలికే పీల్చుకుంటుంది. హైడ్రోజన్ నింపిన పల్లేడియం రేకు తన వైపు నుంచి ప్రోటాన్‌ను పొరలోకి, ఎలక్ట్రాన్‌ను తీగలోకి పంపగలదు. బంగారు రేకు ఆ పని చేయలేదు. ఒకే పొరను రెండు రకాల రేకులతో కొలిచినప్పుడు, బంగారంతో కరెంటు కాసేపటికే చచ్చుబడి, పల్లేడియంతో నిలకడగా నడిస్తే, నడిచేది ప్రోటాన్ అనడానికి అది గట్టి సాక్ష్యం.

రెండో పరీక్ష భారజలం. మామూలు హైడ్రోజన్ స్థానంలో రెట్టింపు బరువున్న డ్యూటీరియం. తేమను దానికి మార్చగానే వాహకత సుమారు 1.4 రెట్లు లేదా అంతకు మించి తగ్గితే ప్రోటాన్ మీద అనుమానం బలపడుతుంది. 1.4 ఎందుకంటే 2కు వర్గమూలం అంతే. ఎలక్ట్రాన్ నడుస్తుంటే నీటి బరువుతో దానికి నేరుగా పని లేదు.

బురదలో దొరికిన తీగలు, తెగని తగాదా

ఇక వీడియోలో చూపించిన "ప్రోటీన్ తీగలు". 1987లో అమెరికాలో పొటోమాక్ నది బురదలో డెరెక్ లవ్లీ జియోబాక్టర్ అనే బ్యాక్టీరియాను కనుగొన్నాడు. అది మనలా ఆక్సిజన్ పీల్చదు. తిన్నదాని నుంచి వచ్చే ఎలక్ట్రాన్లను ఒంటి బయట ఉన్న తుప్పు మీదకు దించుకుంటుంది. బయటికి ఎలా చేరుస్తుంది? 2005లో ఆయన బృందం జవాబు చెప్పింది: ఒంటి మీది సన్నటి వెంట్రుకలు, పిలై అంటారు, అవే కరెంటు తీగలు. హీమ్ లేని, లోహం లేని ఉత్త ప్రోటీన్. అందులోని ఫినైల్‌అలనిన్, టైరోసిన్ వంటి వలయాల అమైనో ఆమ్లాలు దగ్గరదగ్గరగా పేరి ఎలక్ట్రాన్లకు దారి ఇస్తాయన్నది వాళ్ల వాదన. 1949 నాటి లెక్కకు ఇది ఎదురు కాబట్టే అంత సంచలనం.

2019లో రెండు వేర్వేరు బృందాలు ఆ తీగలను గడ్డకట్టించి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరమాణువుల స్థాయిలో చూశాయి. కనిపించింది పిలై కాదు. ఓఎంసీఎస్ అనే ప్రోటీన్ ఒకదాని కొసన ఒకటి పేర్చి కట్టిన పోగు. ప్రతి ముక్కలో ఆరు హీమ్‌లు, పక్కపక్క హీమ్‌ల మధ్య సగం నానోమీటరు అటూఇటూ. అంటే ఊపిరి ప్రోటీన్లలో చూసిన మెట్ల కథే, పొడుగ్గా. 2021లో యేల్ విశ్వవిద్యాలయంలోని నిఖిల్ మల్వాంకర్ బృందం మరో అడుగు వేసి, నిజమైన పిలైలో రెండు ప్రోటీన్ల జత ఉంటుందని, అవి కరెంటు సరిగా నడపవని, హీమ్ తీగలను బయటికి తోసే పిస్టన్లలా పనిచేస్తాయని అంది. మల్వాంకర్ ఒకప్పుడు లవ్లీ దగ్గర పనిచేసినవాడే.

లవ్లీ ఒప్పుకోలేదు. ఆయన వాదనను తేలిగ్గా తీసిపారేయలేం. వలయాల అమైనో ఆమ్లాలు ఐదింటిని మార్చేస్తే వాహకత పడిపోయింది. ట్రిప్టోఫాన్ (అదీ వలయం ఉన్న అమైనో ఆమ్లమే) చేరిస్తే ఎన్నో రెట్లు పెరిగింది. బతికున్న కణాల నుంచి బయటికొచ్చే పోగుల్లో ఎక్కువ 3 నానోమీటర్ల మందం ఉన్నవని, ఓఎంసీఎస్ పోగు 4 నానోమీటర్లని, నమూనాను సిద్ధం చేసే పద్ధతే చూసేదాన్ని మార్చేస్తోందని ఆయన పక్షం. ఎదుటి పక్షం జవాబు: అమైనో ఆమ్లాలను మార్చినప్పుడు పిలై ఒక్కటే మారలేదు, ఏ హీమ్ ప్రోటీన్లు బయటికి వస్తాయన్నదీ మారిపోయింది, కాబట్టి కొలిచింది దేన్నో తేల్చాలి.

ఆకృతి సాక్ష్యం హీమ్ వైపే బరువుగా ఉందని నాకు అనిపిస్తుంది. కంటికి పరమాణువులు కనిపించిన చోట ఊహకు చోటు తగ్గుతుంది. కానీ ఈ బ్యాక్టీరియా రెండూ కట్టగలదన్న అవకాశం ఇంకా మూసుకుపోలేదు. డెన్మార్క్ సముద్రపు బురదలో దొరికిన కేబుల్ బ్యాక్టీరియా ఇంకో వింత. వేలాది కణాలు వరసకట్టి సెంటీమీటర్ల దూరం ఎలక్ట్రాన్లు పంపుతాయి, వాటి పోగుల వాహకత 20 సీమెన్స్ దాటింది. అక్కడా లోహమే బయటపడింది, ఈసారి నికెల్.

గాలి నుంచి వచ్చే కరెంటు ఎంత?

2020లో లవ్లీ, జున్ యావో బృందం జియోబాక్టర్ పోగులతో 7 మైక్రోమీటర్ల మందం పొర చేసి, కింద పూర్తి రేకు, పైన చిన్న రేకు పెట్టారు. మామూలు గదిగాలిలో అది సుమారు 0.5 వోల్టు, చదరపు సెంటీమీటరుకు 17 మైక్రోఆంపియర్ల దాకా ఇచ్చింది, గంటల తరబడి. పైవైపు పొర గాలికి తెరుచుకుని ఎక్కువ తేమ పీలుస్తుంది, కిందివైపు తక్కువ. ఆ తేడా వల్ల పైనుంచి కిందికి ప్రోటాన్లు సర్దుకుంటాయి, వోల్టేజి పుడుతుంది.

రెండంకెలనూ గుణిస్తే చదరపు సెంటీమీటరుకు 8.5 మైక్రోవాట్లు. కరెంటు తీసుకుంటే వోల్టేజి పడిపోతుంది కాబట్టి నిజంగా చేతికొచ్చేది ఇంతకన్నా తక్కువ. సరే, ఉదారంగా పూర్తిగా ఇచ్చేద్దాం. 5 వాట్ల ఫోను ఛార్జరుకు దాదాపు 5.9 లక్షల చదరపు సెంటీమీటర్లు కావాలి. అంటే 59 చదరపు మీటర్లు, సుమారు తొమ్మిది పట్టుచీరలు విప్పి పరిచినంత చోటు. అదీ జియోబాక్టర్ పోగులతో నేసిన చీరలైతే.

2023లో యావో బృందమే ఇంకో మాట చెప్పింది: 100 నానోమీటర్లకన్నా చిన్న రంధ్రాలుంటే దాదాపు ఏ పదార్థమైనా ఈ పని చేయగలదు. ఇది విషయాన్ని విస్తరించింది, అదే సమయంలో ప్రోటీన్ తీగ ప్రత్యేకతను కాస్త తగ్గించింది. తేమ కరెంటు పరికరాలన్నిటి మీదా ఉండే సందేహం ఇంకొకటుంది. అంతా ఒకే తేమలో స్థిరపడిన తర్వాత పని చేసే శక్తి ఎక్కడి నుంచి వస్తుంది? తేమలో హెచ్చుతగ్గులు ఉండాలి, లేదా నీరు నిరంతరం వచ్చిపోతుండాలి, లేదా రేకులే నెమ్మదిగా కరిగి బ్యాటరీలా పనిచేస్తుండాలి. గాలి, పొర మధ్య నీటి అణువుల రాకపోకలు ఆగవని చేసినవాళ్లు అంటారు. రేకుల రసాయనం వాటా ఎంతో ప్రతి పరికరంలో విడిగా తేల్చాలని అనుమానించేవాళ్లు అంటారు.

ఇంత తక్కువ కరెంటుకు ఇంత శ్రమ దేనికి?

నాఫియాన్‌కు బదులు అన్న ఆశ ఒకటి. నాఫియాన్ ఫ్లోరిన్ పాలిమర్, ప్రకృతిలో విడిపోని రసాయనాల కుటుంబానిది. ఆ కుటుంబం మీద యూరప్‌లో ఆంక్షల చర్చ నడుస్తోంది. కానీ పైన వేసిన లెక్క చూశాక ఆ ఆశకు ఇంకా చాలా దూరం ఉందని ఒప్పుకోక తప్పదు. వేడికి ఎండిపోవడం నాఫియాన్‌కూ ఉన్న జబ్బే, ప్రోటీన్‌కు దానికి తోడు బూజు, కుళ్లు.

బలమైన కారణం వేరే ఉంది. శరీరం అయాన్లతో మాట్లాడుతుంది, మన యంత్రాలు ఎలక్ట్రాన్లతో. నరం పక్కన పెట్టే పరికరానికి మధ్యలో రెండు భాషలూ వచ్చిన పొర కావాలి. అక్కడ మైక్రోఆంపియర్లు చాలు, తడి ఎలాగూ ఉంటుంది, పని అయ్యాక కరిగిపోవడం లోపం కాదు, కోరుకున్న గుణం. తేమను బట్టి వాహకత వందల రెట్లు మారడం తీగకు శాపం గానీ, తేమను కొలిచే సెన్సర్‌కు అదే కావాలి.

మావయ్యకు నేను చెప్పింది ఇంతకన్నా చిన్నది. చీరలోంచి కరెంటు రాదు, జరీ గుండా మాత్రం పోతుంది, ఉడకబెట్టిన జిగురునీళ్ల మీద మాత్రం ఎవరైనా పరిశోధన చేస్తామని వస్తే కాదనకు అని. ఆయనకు చివరి ముక్క నచ్చినట్టుంది. ఒక క్యాను నీళ్లకు ఎంత ఇస్తారని అడిగాడు.